అడిగేలోపే ఇచ్చిన బిడ్డ

ఆ శనివారం నేను పెట్టుకున్న పని ఒక్కటే. మోయనీని లోర్నా పక్కన ఒంటరిగా కూర్చోనివ్వకూడదు.

మోయనీ మా అక్క హేలానీ కూతురు. లోర్నా నా కోడలు, మా చిన్నవాడు నైనోవా భార్య. ఇద్దరు పిల్లలున్నారు, ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. మోయనీకి రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. ఇక ఆశ పెట్టుకోవద్దని పోయిన డిసెంబరులో డాక్టరు చెప్పేశాడు. ఇలా ఉండగా గురువారం అక్క ఫోన్ చేసింది. "శనివారం బీచ్‌లో మోయనీ అందరి ముందూ ఒక మాట చెప్పాలంట. నువ్వూ లోర్నా తప్పకుండా ఉండాలంట" అంది. గొంతులో సంతోషం దాచుకోవడం అక్కకి ఏనాడూ చేతకాలేదు.

ఇందులో ఊహించడానికి ఏముంది. మా హవాయి వాళ్ళలో బిడ్డని ఇవ్వడం, తీసుకోవడం కొత్త కాదు. పిల్లల్లేని అక్కకి చెల్లెలు ఇస్తుంది, ఇల్లు బోసిపోయిందన్న తల్లికి కూతురు ఇస్తుంది. హానాయ్ అంటాం. కాగితాలుండవు, కోర్టులుండవు. బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే, నలుగురూ కూర్చున్న చోట అడుగుతారు. అడిగాక కాదంటే బిడ్డకి మంచిది కాదని పెద్దలు చెబుతారు కాబట్టి ఎవరూ కాదనరు. లోర్నా ఫిలిప్పీనో వాళ్ళ అమ్మాయి, అసలే మెతక మనిషి. మా ఇంటికొచ్చి ఏడేళ్ళయినా ఇప్పటికీ గరిటె తీసుకోవాలంటే నన్ను అడిగి తీసుకుంటుంది. అలాంటిదాన్ని అందరి ముందూ అడిగితే ఏమంటుంది?

అడిగించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మోయనీని కన్నది నేను.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఇదే బీచ్ పార్కులో, షవర్లుండే స్నానాల గోడకి అవతల మూడో బల్ల దగ్గర, ఆరు నెలల కడుపుతో ఉన్న నన్ను అక్క అడిగింది. ఇచ్చాను. మోయనీకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ సంగతి తెలుసు. మాలో ఇది దాచుకునే విషయం కాదు. అక్కని అమ్మా అంటుంది, నన్ను పిన్నీ అంటుంది, అక్కడికి సరి.

వద్దని నోరు విప్పి చెప్పొచ్చు కదా అనొచ్చు మీరు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఒకసారి ఒళ్ళోంచి దింపేసిన కూతురికి, ఇప్పుడు ఒడి నిండే వేళ మళ్ళీ నేనే అడ్డం పడ్డట్టు కాదూ. చెప్పకపోతే లోర్నా గొంతు కోసినట్టు. అందుకే అసలు మాటే పుట్టకుండా చూద్దామనుకున్నాను. స్కూలు వంటింట్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరైనదాన్ని, నాలుగొందల మంది పిల్లల్ని రోజూ వరసలో నిలబెట్టినదాన్ని, ఇద్దరు ఆడవాళ్ళని ఒక పూట దూరంగా ఉంచలేనా అని నా ధీమా.

తెల్లారకముందే వెళ్ళి చోటు పట్టాను. కియావే ముళ్ళచెట్ల కింద కాస్త నీడ దొరికింది. పక్కన సమోవా దీవుల వాళ్ళు అప్పటికే అయిదు డేరాలు వేసి, పెళ్ళి ఊరేగింపుకి సరిపడా స్పీకర్లు దించారు. నీలం టార్పాలిన్ ఒక కొస చెట్టుకి, ఒక కొస మా ట్రక్కుకి కట్టి, కింద ముళ్ళు ఏరి, కుర్చీలు వేశాను. లోర్నా కుర్చీ ట్రక్కుకీ ఐసు పెట్టెకీ మధ్య ఇరికించాను. దాని పక్కన ఇంకో కుర్చీ పట్టదు. పనితనమంటే అదీ.

తొమ్మిదింటికి అందరూ దిగారు. నైనోవా బొగ్గుల పొయ్యి దించుకుని, రాత్రంతా సోయా సాసులో నానిన కోడి ముక్కల డబ్బా మూత తీశాడు. మోకే బావ, అంటే మా అక్క మొగుడు, కుర్చీలో కూర్చున్న అయిదు నిమిషాలకే గురక పెట్టాడు. పిల్లలిద్దరూ బోర్డులు పట్టుకుని నీళ్ళలోకి పరిగెత్తారు. మోయనీ వస్తూనే లోర్నా కుర్చీ వైపు నడిచింది.

"మోయనీ, ఐసు తక్కువైందే. నీ కారులో వెళ్ళి ఓ రెండు సంచులు పట్రా తల్లీ" అన్నాను.

"ఇప్పుడే కదా పిన్నీ వచ్చాను, కూర్చోనీ."

"చేప పాడైపోతుంది మరి. నీకోసమే పచ్చి చేప కలిపాను, తర్వాత నీదే ఏడుపు."

వెళ్ళింది. వచ్చాక పొయ్యి దగ్గర తమ్ముడికి సాయం చెయ్యమన్నాను. తర్వాత పిల్లలు లోతుకి పోతున్నారన్నాను, వాళ్ళు మోకాళ్ళ లోతులోనే ఉన్నారు. తర్వాత మళ్ళీ ఐసు.

"అత్తయ్యా, మోయనీ వదినని కాస్త కూర్చోనివ్వండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉంది" అంది లోర్నా.

"దానికి కాళ్ళున్నాయి, తిరుగుతుంది. నువ్వు కాళ్ళు చాపుకో, వాచిపోయున్నాయి" అన్నాను.

మా అక్క ఇదంతా చూస్తూనే ఉంది. "ఏమే మాపూ, నా కూతుర్ని పనిమనిషిని చేసేశావేంటి" అంది నవ్వుతూ. నా పేరు మాపువానా. మాపూ అనేది ఇప్పుడు అక్క ఒక్కతే మిగిలింది.

"నీ కూతురు మరీ ఒళ్ళు దాచుకుంటోంది, నీ పెంపకం" అన్నాను.

"నా పెంపకానికేం, బంగారం. పుట్టుకలోనే ఏదో తేడా ఉండుంటుంది" అంది. ఇద్దరం నవ్వాం. ఈ వేళాకోళం మాకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. నవ్వుతూనే లోర్నా వైపు చూశాను. లోర్నా నవ్వలేదు.

మధ్యాహ్నం మోకే బావని లేపి ప్రార్థన చెప్పించాం. ఆయన నిద్రమత్తులో క్రిస్మస్ ప్రార్థన మొదలుపెట్టి, నైనోవా దగ్గితే సర్దుకున్నాడు. అన్నం, కోడి, చేమ ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం, లోర్నా వాళ్ళమ్మ పంపిన సేమ్యా, కొబ్బరిపాల మిఠాయి ముక్కలు. పళ్ళాలు నిండాక అక్క తన కథ ఎత్తుకుంది.

ప్రతి ఏడూ చెప్పే కథే. మా ఇంట్లో పిల్లలకి అది నోటికి వచ్చు. "ఇదిగో, ఆ మూడో బల్ల దగ్గరే" అని చెంచాతో చూపించింది అక్క. "నాకు నోరు పెగల్లేదు. వారం రోజుల నుంచి మాటలు కూడబలుక్కున్నా. చేప తెచ్చాను, ఆకుల్లో చుట్టి. దాని ముందు పెట్టి, మాపూ, నీ కడుపులో ఉన్నదాన్ని అన్నానో లేదో, ఇది అవును అనేసింది. నేనింకా అడగనే లేదు. అడిగేలోపే ఇచ్చేసింది. అట్లాంటి గుండె ఎవరికుంటుంది? రాజుల కాలంలో కూడా ఇలా ఇచ్చినవాళ్ళు ఉన్నారో లేదో."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఎప్పట్లానే చెయ్యి ఊపి, "చాల్లే అక్కా, కోడి చల్లారిపోతోంది" అన్నాను. ఎప్పట్లానే లోపల కాస్త గర్వంగానూ అనిపించింది. ఉన్నమాట చెప్పాలి కదా, నాకా కథ అంటే ఇష్టం. మా వైపు ఎవరింట్లో చావుకో పెళ్ళికో వెళ్ళినా, అడిగేలోపే ఇచ్చినావిడ ఈవిడే అని నన్ను చూపిస్తారు. వంటింట్లో చెమటలు కక్కిన దానికి అంతకన్నా పెద్ద పేరు ఎక్కడ దొరుకుతుంది?

చూస్తే లోర్నా పళ్ళెం అలాగే ఉంది. సేమ్యాని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతోంది తప్ప నోట్లో పెట్టుకోలేదు.

"తినవేమే?"

"ఎండకి వికారంగా ఉంది అత్తయ్యా."

మోయనీ పళ్ళెం కింద పెట్టి లేచింది. చేతులు ప్యాంటుకి తుడుచుకుంటోంది. ఏదో చెప్పబోయే మనిషి నిలబడే తీరు. "మోయనీ" అన్నాను గట్టిగా, సమోవా వాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఆటు తీసింది చూడు, రాళ్ళు బయటపడ్డాయి. నాచు ఏరుకొద్దాం పద. మళ్ళీ నీళ్ళొచ్చేస్తాయి."

కాదంటుందనుకున్నాను. నన్నొక నిమిషం చూసి, "సరే పద పిన్నీ. నేనూ నీతోనే మాట్లాడాలి" అంది.

రాళ్ళ మీద నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. ఇద్దరం సంచులు నడుముకి కట్టుకుని వంగాం. తినే నాచుని గోటితో తుంచాలి గానీ లాగకూడదు. రాతికి అంటుకున్న వేరు మిగిలితేనే మళ్ళీ మొలుస్తుంది. మా అమ్మ నాకు నేర్పింది, నేను మోయనీకి ఆరేళ్ళప్పుడు నేర్పాను. నేను నేర్పినవి ఇలాంటివే, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"పిన్నీ, పీకేస్తున్నావు."

చూసుకుంటే నా చేతిలో నాచు వేళ్ళతో సహా వచ్చేసి ఉంది. సిగ్గేసింది.

"పొద్దుట్నుంచీ నన్ను లోర్నా దగ్గరికి పోనివ్వట్లేదు కదా నువ్వు" అంది మోయనీ, వంగినచోటి నుంచి లేవకుండానే.

"నాకేం పని."

"రెండుసార్లు ఐసు తెప్పించావు. ఆ పెట్టెలో ఐసుకి తప్ప చేపకి చోటు లేదు."

ఇక దాచి లాభం లేదనిపించింది. "దాన్ని అడగొద్దే" అన్నాను. "నీ కష్టం నాకు తెలుసు. కానీ అది కాదనలేదు. అందరి ముందూ అడిగితే అస్సలు కాదనలేదు. అడగొద్దు తల్లీ."

మోయనీ లేచి నిలబడింది. చేతిలో నాచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నేను అడగడమేంటి పిన్నీ? తనే ఇస్తానంది."

బిడ్డని అడగడమే చూశాను గానీ, ఎవరూ అడగకుండా ఒక తల్లి తనంతట తను తెచ్చి ఇస్తానడం మా వాళ్ళలో నేను వినలేదు. అందుకే తెల్లారి నుంచీ నా కాపలా అంతా తప్పు మనిషి మీద పెట్టాను.

"నెల కిందట మా ఇంటికొచ్చింది. డాక్టరు చెప్పింది తెలిసిందంట" అంది మోయనీ. "బల్ల మీద సేమ్యా గిన్నె పెట్టి, కూర్చోకుండానే చెప్పేసింది. వదినా, ఇది నీకే ఇస్తాను, నాకు ఇద్దరున్నారు కదా అంది. నైనోవాకి చెప్పావా అంటే, చెప్పాను, నీ ఇష్టం అన్నాడు అంది. ఎందుకే ఇంత తొందర అన్నాను. ఈ ఇంట్లో పద్ధతి ఇదే కదా వదినా, అత్తయ్య అడిగేలోపే ఇచ్చేశారు కదా, నువ్వు అడిగేదాకా కూర్చుంటే బాగుంటుందా అంది."

ఏడేళ్ళు. ఏడు వేసవులు ఆ కథ విన్నది లోర్నా. మేమందరం నవ్వుకుంటూ, చప్పట్లు కొట్టుకుంటూ చెప్పుకున్నది, బయటి నుంచి వచ్చిన ఆ పిల్ల కొలబద్ద అనుకుంది. ఈ ఇంటి కోడలనిపించుకోవాలంటే అంత ఎత్తు ఎదగాలనుకుంది. ఆ కథ చెప్పింది మా అక్కే, కానీ వింటూ కూర్చుని చెయ్యి ఊపింది నేను.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. అవుననాలని ఎంత ఉందో నీకు తెలీదు పిన్నీ. ఉయ్యాల కూడా చూసొచ్చాను. అమ్మకి మాత్రం చెప్పాను, శనివారం అందరి ముందూ చెప్తానని. ఈలోపు నిన్ను ఒక మాట అడగాలి. నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది."

"అడుగు."

"నన్ను ఇచ్చినప్పుడు నీకెలా ఉండింది?"

నీళ్ళు మెల్లగా వెనక్కి వస్తున్నాయి. ఒడ్డున సమోవా వాళ్ళ పాట వినిపిస్తోంది. ఎవరూ నన్నింతవరకూ ఆ మాట అడగలేదు. మా అమ్మ అడగలేదు, చచ్చిపోయిన నా మొగుడు అడగలేదు, అక్క సరే సరి. కథలో నా పని అవును అనడంతో అయిపోతుంది. తర్వాత ఏమైందని ఎవరూ అడగరు.

తేలిగ్గా ఉండింది అంటే మోయనీ ఒడిలోకి బిడ్డ వస్తుంది. ఎంతసేపు, ఒక్క మాట. నా కూతురికి నేనివ్వగలిగింది ముప్ఫై ఏళ్ళలో ఇదొక్కటే. కష్టంగా ఉండింది అంటే లోర్నాకి బిడ్డ మిగులుతుంది, మోయనీకి ఆ ఉయ్యాల కొట్లోనే ఉండిపోతుంది. నేను కన్నదాన్నే నేను మళ్ళీ ఉత్త చేతులతో పంపాలి.

"ఏముందే" అన్నాను. "సొంత అక్కకే కదా. పరాయివాళ్ళకా. తేలిగ్గానే..."

దాని ముఖం చూశాను. చిన్నబోయింది. బిడ్డ వస్తోందన్న సంతోషం అందులో ఎక్కడా లేదు. నేను ఇంత మొద్దునేమిటా అని అప్పుడనిపించింది. తేలిగ్గా ఉండింది అని కన్నతల్లి నోటి వెంట వినడానికి ఏ పిల్ల వస్తుంది?

"అబద్ధం" అన్నాను.

మోయనీ చేతిలో నాచు సంచిలో వేసి నా వైపు తిరిగింది.

"పదిహేను రోజులు పాలు ఆగలేదు. స్కూలు వంటింట్లో రెండు ఏప్రన్లు కట్టుకుని పని చేశాను, పైకి తెలియకుండా. ఫలహారాల గదిలో ఎవరి చంటిపిల్లో ఏడిస్తే తడిసిపోయేదాన్ని. మీ నాన్న, అదే, నా మొగుడు, మరిచిపోతావులే అన్నాడు. తర్వాత నైనోవా పుట్టాడు, మరిచిపోయాననే అందరూ అనుకున్నారు. నాకు ఇంట్లో ఇద్దరు పిల్లలు, పెద్దవాడూ వాడూ. బీచ్‌కి వచ్చినప్పుడు నీళ్ళలో తలలు లెక్కపెడితే ముగ్గురు. నువ్వు తేలేదాకా నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు. లెక్కపెట్టడానికి మీ అమ్మ ఉంది కదా, నాకెందుకు అనుకునేదాన్ని. అనుకుని మళ్ళీ లెక్కపెట్టేదాన్ని."

"మరి అడిగేలోపే ఎందుకు అవునన్నావు?"

"అక్క మాట పూర్తయ్యేదాకా ఆగితే కాదంటానేమోనని" అన్నాను. "చుట్టూ పదిహేను మంది ఉన్నారు. మోకే బావ కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అక్కకి అప్పటికి నాలుగు కడుపులు పోయాయి. దాని నోట్లోంచి ఇంకో మాట వస్తే నేను లేచి పరిగెత్తేదాన్ని. భయమేసి అనేశాను. దాన్నే వాళ్ళు పెద్ద గుండె అనుకున్నారు. నేను కూడా అనుకోనిచ్చాను. పేరు బాగుంది కదా."

చెప్పేశాక రాతి మీద కూర్చుండిపోయాను. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. మోయనీ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"ఇది ఒక్కసారి చెప్పి ఉండాల్సింది నువ్వు" అంది.

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏమీ చేసేదాన్ని కాదు. అమ్మ దగ్గరే ఉండేదాన్ని, అమ్మంటే నాకు ప్రాణం. కానీ అడిగేలోపే ఇచ్చేయదగ్గ పిల్లని అనుకుంటూ పెరిగేదాన్ని కాదు."

నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా నేను పొగడ్త అనుకుని మోసిన మాట దీని చెవికి అలా వినిపించింది. ప్రతి వేసవీ, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అందరితో పాటు నవ్వుతూ విన్నది. నేను నా పేరు చూసుకున్నాను గానీ, దాని ముఖం ఒక్కసారీ చూడలేదు.

"మరి ఉయ్యాల?" అన్నాను. ఇంకేమనాలో తెలీలేదు.

"చూశానంతే, కొనలేదు" అంది. కాసేపు తల మోకాళ్ళ మీద పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. వీపు మీద చెయ్యి వేశాను. తీసెయ్యమనలేదు. తర్వాత మొహం సముద్రపు నీళ్ళతోనే కడుక్కుని లేచింది. "పద. తను పొద్దుట్నుంచీ తినలేదు."

నేను వెనకాలే నడిచాను. మోయనీ తిన్నగా వెళ్ళి, ట్రక్కుకీ ఐసు పెట్టెకీ మధ్య నేను ఇరికించిన ఆ కుర్చీ ముందు ఇసకలో కూర్చుంది. కుర్చీ లేనంత మాత్రాన ఆగుతారా మనుషులు.

"లోర్నా, ఈ బిడ్డని నువ్వే పెంచుకో" అంది.

లోర్నా బిత్తరపోయింది. "నేనేమైనా తప్పుగా అన్నానా వదినా? ఆ రోజు సరిగ్గా చెప్పలేదా?"

"అన్నీ సరిగ్గానే చేశావు. నాకు మేనత్త పని చాలు. అది మాత్రం గట్టిగా చేస్తా, తర్వాత నువ్వే పారిపోతావు."

"నిజంగా ఇద్దామనుకున్నాను వదినా."

"తెలుసు. పిన్ని కూడా నిజంగానే ఇచ్చింది. ఎలా ఉంటుందో నువ్వు పిన్నినే అడుగు, ఇప్పుడు చెప్తుంది."

లోర్నా నా వైపు చూసింది. నేను తల ఊపాను, అంతే. దానికి ఏమర్థమైందో, రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుని, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ ఏడుపు విని మోకే బావ లేచి, ఎవరు మునిగారని అడిగాడు. పొయ్యి దగ్గర నైనోవా మాకు వీపు పెట్టి నిలబడిపోయాడు. వాడి ముందు కోడి ముక్కలు ఓ పక్క నల్లగా మాడిపోతున్నాయి, వాడు తిప్పలేదు. నీ ఇష్టం అన్నవాడికి ఇష్టం ఎటుందో నాకప్పుడు తెలిసింది. ఆ మాడిన ముక్కలే లోర్నాకి పెట్టాం. మూడు పళ్ళేలు తినింది.

అక్కకి మోయనీ స్నానాల గోడ దగ్గర నిలబడి చెప్పింది. నేను దూరం నుంచి చూశాను. అక్క ఒక్కసారి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మోయనీ ఒక్కతే నీళ్ళలోకి వెళ్ళి, అలలు విరిగే చోటు దాటి, చాలా దూరం ఈదింది. దాని మొగుడు కూడా లేడు ఆ రోజు, డ్యూటీలో ఉన్నాడు. వెళ్ళి ఓదార్చాలని ఉంది, కానీ ఓదార్చే హక్కు నాకు లేదనిపించింది. దాని ఒడి ఖాళీగా ఉండటానికి ఇవాళ్టికి కారణం నేనే. చేసింది సరైన పనే. సరైన పని చేస్తే మనసు తేలికవుతుందని ఎవరు చెప్పారో గానీ, నాది తేలిక కాలేదు.

అయిదింటికి సర్దడం మొదలుపెట్టాం. పిల్లలకి ఇసక కడిగారు, నైనోవా బొగ్గుల మీద నీళ్ళు పోశాడు. టార్పాలిన్ మడవడానికి ఇద్దరు కావాలి. ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస అక్క పట్టుకుంది. మధ్యాహ్నం నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

"ఇకమీదట ఆ కథ చెప్పనులే" అంది అక్క.

"చెప్పకు."

సగానికి మడిచాం. ఇంకోసారి సగానికి మడవాలంటే దగ్గరికి రావాలి. అక్క వచ్చి తన కొసలు నా చేతికి అందించింది గానీ వదల్లేదు.

"నాకు తెలుసు మాపూ" అంది.

"ఏం తెలుసు?"

"నీకు ఇవ్వాలని లేదని. ఇవాళ కాదు, అప్పుడే తెలుసు. మొదటి ఏడాది ప్రతి ఆదివారం వచ్చేదానివి. అరటిపళ్ళు తెచ్చాననో, గిన్నె మరిచిపోయాననో చెప్పేదానివి. నీ కారు చప్పుడు కొండ మలుపులో ఉండగానే నాకు వినిపించేది. గబగబా దానికి పాలసీసా నోట్లో పెట్టి, ఊపి, నిద్రపుచ్చేదాన్ని. నిద్ర లేపొద్దులే అని నువ్వే అనేదానివి. ఎత్తుకుంటే ఇక దింపవని భయం నాకు."

ఏడాదిలో యాభై రెండు ఆదివారాలు. తలుపు పక్కన నిలబడి, దోమతెర లోంచి ఆ పిల్ల నెత్తి మాత్రం చూసి వచ్చేదాన్ని. ఎంత బుద్ధిమంతురాలు, ఎప్పుడు వెళ్ళినా హాయిగా నిద్రపోతుంది, అక్క చేతిలో సుఖంగా ఉంది అనుకునేదాన్ని. ఆ మాట చెప్పుకునే ఆ ఏడాది గడిపాను.

"అదెంత నిద్రమొద్దో అని అందరికీ చెప్పేదాన్ని అక్కా" అన్నాను.

అక్క ఏడుస్తోంది. అరవై ఆరేళ్ళ మనిషి, ముక్కు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు, టార్పాలిన్ వదల్లేదు. క్షమించాననే మాట నా నోటికి రాలేదు. రానివ్వలేదు కూడా. ఈసారి అడగకముందే ఇచ్చేయదలుచుకోలేదు.

"అడుగు" అన్నాను.